ఆపరేషన్ డేట్ వచ్చేలోపు నువ్వు చేసుకోవాల్సినవి

చిన్నమ్మాయ్,

డాక్టరమ్మ ఆపరేషన్ ఇప్పుడే చెయ్యనన్నారని, హిమోగ్లోబిన్ 7.4 ఉంది కనీసం 10 చేసుకుని రమ్మన్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు దానికి రోజూ ఏడుస్తున్నావంట కూడా. ఏడవకు తల్లీ, రక్తం లేని మనిషిని తొందరపడి బల్ల ఎక్కించలేదంటే ఆవిడ మంచి డాక్టరే అన్నమాట. నాకూ గర్భసంచిలో ఇవే గడ్డలు, గర్భసంచి తీసేసే ఇదే ఆపరేషన్, నేనూ రక్తం పెంచుకోవడానికి నెలల తరబడి ఆగినదాన్నే, ఆ తర్వాత మన చుట్టాల్లో ఎవరికి వచ్చినా తోడుగా వెళ్ళింది కూడా నేనే, అందుకే నాకు తెలిసినవన్నీ రాస్తున్నా, తీరిగ్గా చదువుకో. ఈ రెండు నెలలూ ఊరికే డేట్ కోసం ఎదురుచూసే రోజులనుకోకు, నీకు వైద్యం ఇప్పుడే మొదలైంది.

ముందు ఐరన్ మాత్ర సంగతి. అందరూ వేసుకుంటారు కానీ వేసుకోవాల్సినట్టు వేసుకునేవాళ్ళు తక్కువ. టీ తాగి వెంటనే వేసుకుంటే అది ఒంటికి పట్టదు, కాఫీ పాలు కూడా అంతే, కాల్షియం మాత్రతో కలిపి అసలు వద్దు. నీకు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర ఉంది కదా, దానికీ ఐరన్‌కీ కనీసం 4 గంటలు ఎడం ఉండాలి. కాబట్టి ఇలా చెయ్యి, 6 గంటలకి థైరాయిడ్ మాత్ర, 11 గంటలకి స్కూల్లో ఇంటర్వెల్ అప్పుడు ఐరన్ మాత్ర, బ్యాగులో చిన్న సీసాలో నిమ్మకాయ నీళ్ళు పెట్టుకుని వాటితో వేసుకో, పులుపు ఉంటే ఐరన్ బాగా పడుతుంది. స్టాఫ్ రూమ్‌లో ఆ టైంకే టీ వస్తుందని నాకు తెలుసు, ఈ రెండు నెలలు ఆ టీ మానెయ్. కాల్షియం రాత్రి భోజనం అయ్యాక వేసుకో. విరేచనం నల్లగా వస్తుంది, భయపడకు, అది ఐరన్ వల్లే. మలబద్ధకం చేస్తుంది, కడుపులో తిప్పుతుంది, అలాంటప్పుడు మాత్ర మానేసి ఊరుకోవద్దు, డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పు, మందు మారుస్తారు. లేదంటే సెలైన్‌లో కలిపి ఐరన్ ఎక్కిస్తారు, ఐరన్ సుక్రోజ్ అంటారు, ప్రభుత్వాసుపత్రిలో కూడా ఎక్కిస్తారు. నీకు టైం తక్కువుంది కాబట్టి నువ్వే అడుగు నాకు అది అవసరమా అని. కాకపోతే హాస్పిటల్లో పడుకుని నర్సు చూస్తుండగా ఎక్కించుకోవాలి గానీ వీధి చివర ఆరెంపీ దగ్గర మాత్రం వద్దు.

తిండి విషయంలో నీకు ఇప్పటికే వంద మంది చెప్పుంటారు, బీట్‌రూట్ జ్యూస్ అని, ఖర్జూరాలు అని, నల్ల నువ్వుల ఉండలు అని. తినొచ్చు, మంచివే, కానీ 7 నుంచి 10 కి వాటితో ఎక్కదు, మందు మానేసి జ్యూసుల మీద ఉండకు. నువ్వు నీచు తింటావు కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు మేక కార్జం తెప్పించుకో, మిరియాలు వేసి వేయించుకుని తిను. మునగాకు పప్పు, తోటకూర, గోంగూర వండుకో, పక్కన నిమ్మకాయ ముక్కో జామకాయ ముక్కో పెట్టుకో. ఇంకోమాట, శుక్రవారాలు శనివారాలు ఉపవాసాలు ఈ రెండు నెలలు కట్టిపెట్టు. అమ్మవారు ఏమీ అనుకోదు.

బ్లీడింగ్ లెక్క రాసుకో. వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీదే పెన్సిల్‌తో ఆ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చావో అంకె వెయ్యి, రక్తం గడ్డలుగా పడితే పక్కన చుక్క పెట్టు. డాక్టర్ "బ్లీడింగ్ ఎలా ఉందమ్మా" అంటే మనం "బాగా అవుతోందండీ" అంటాం, బాగా అంటే ఎంతో ఆవిడకి ఎలా తెలుస్తుంది, ఆ క్యాలెండర్ ఫోటో తీసి చూపిస్తే ఒక్క చూపులో అర్థమవుతుంది. బ్లీడింగ్ తగ్గే మాత్రలు రాసిస్తే ఆవిడ చెప్పిన రోజుల్లోనే వాడు, పక్కింటావిడ మిగిలిపోయిన స్ట్రిప్ ఇస్తే మింగకు. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు నిండిపోయినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా, కూర్చున్నా ఆయాసం వచ్చినా, గుండె దడదడ ఆగకపోయినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్ళు, 108 కి ఫోన్ చెయ్యి, తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. దీనికోసం ఒక బ్యాగు సర్ది తలుపు దగ్గర పెట్టుకో, నైటీలు, ప్యాడ్లు, స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ కాగితం, ఆధార్ జిరాక్స్.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బెంగగా ఉన్నది నీ పని గురించి. ఆ రక్తంతో నువ్వు రెండో అంతస్తు క్లాసుకి రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతున్నావ్? హెచ్ఎం గారికి విషయం చెప్పి కింద గదికి మార్పించుకో, సిగ్గుపడకు, కుర్చీలో కూర్చునే పాఠం చెప్పు. ఇంట్లో కూడా బిందెలు మొయ్యడం, గ్యాస్ బండ దొర్లించడం, తడి దుప్పట్లు పిండటం ఇవాల్టి నుంచే మానెయ్, ఎలాగూ ఆపరేషన్ తర్వాత 6 వారాలు బరువులెత్తనివ్వరు, ఇప్పుడే అలవాటు చేస్తే అప్పటికి ఇంట్లోవాళ్ళకి తెలిసొస్తుంది. మీ ఆయనకి, పెద్దాడికి కుక్కర్ పెట్టడం, చారు కాయడం నేర్పించు, నువ్వు పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని చెప్పు, నీళ్ళు ఎక్కువై అన్నం ముద్దైనా నోరు మూసుకుని తిను, మధ్యలో లేచి గరిటె లాక్కోకు. పాలవాడి లెక్క, కరెంటు బిల్లు, పిల్ల ఫీజు డేట్లు అన్నీ నీ బుర్రలోనే ఉన్నాయి కదా, ఒక నోట్‌బుక్కులో రాసి మీ ఆయనకి ఇచ్చెయ్.

డాక్టర్‌ని కొన్ని అడగాలి, చీటీ మీద రాసుకుని వెళ్ళు, లోపలికి వెళ్ళాక అన్నీ మర్చిపోతాం. గర్భసంచి తియ్యడం తప్ప వేరే దారి లేదా అని అడుగు, ఇంకో గైనకాలజిస్ట్‌కి కూడా రిపోర్టులు చూపించుకో, దానికి ఎవరూ కోపం తెచ్చుకోరు. అండాశయాలు ఉంచుతారా తీసేస్తారా అని తప్పకుండా అడుగు, నీకు 43 ఏళ్ళే, అవి బాగానే ఉంటే ఉంచమని అడగొచ్చు, తీసేస్తే ఒక్కసారిగా నెలసరి ఆగిపోయిన లక్షణాలన్నీ మీద పడతాయి, ఎముకలు కూడా బలహీనపడతాయి. మనవైపు ఆడవాళ్ళు చాలామంది ఏం తీశారో కూడా తెలియకుండా ఇంటికొస్తారు, నాకు అది చాలా బాధ. తీసిన ముక్కని బయాప్సీకి పంపుతారు, ఆ రిపోర్టు అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకో. బ్లడ్ ఎన్ని యూనిట్లు రెడీ పెట్టుకోవాలో కూడా అడిగి రక్తం ఇవ్వడానికి ఇప్పుడే మన కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురికి చెప్పి ఉంచు.

డబ్బు విషయం మీ ఆయన చూసుకుంటాడు గానీ, మీరు సొంతంగా కట్టే హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ అయితే ఒకసారి చదివించు, గర్భసంచి ఆపరేషన్‌కి చాలా పాలసీల్లో 2 ఏళ్ళ వెయిటింగ్ పెడతారు, అంటే పాలసీ తీసుకుని అన్నేళ్ళు నిండేదాకా దానికి డబ్బులివ్వరు.

ఆషాఢం వస్తోంది, గోరింటాకు పెట్టుకోకు, నెయిల్ పాలిష్ కూడా. వేలికి పెట్టే ఆ ఆక్సిజన్ క్లిప్ సరిగ్గా చూపించదని ఆపరేషన్ ముందు తీసెయ్యమంటారు, పాలిష్ అయితే తుడిస్తే పోతుంది, గోరింటాకు గోరు పెరిగేదాకా పోదు. శ్రావణ మాసం నోములయ్యాక చేయించుకోమని మీ అత్తగారు అంటారు, మంచిరోజు కాదని ఇంకెవరో అంటారు. రక్తం 10 దాటి డాక్టర్ డేట్ ఇస్తే అదే మంచిరోజు, వరలక్ష్మీ వ్రతం వచ్చే ఏడు చేసుకుందువుగాని. పుస్తెలు మెట్టెలు ముందు రోజే ఇంట్లో తీసి బీరువాలో పెట్టుకో, ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర తియ్యమంటే మనసు అదోలా అయిపోతుంది. మత్తు డాక్టర్ దగ్గర ఏదీ దాచకు, బీపీ మాత్ర, ఆకు మందు, చూర్ణం, జలుబు, దగ్గు, కదిలే పన్ను, అన్నీ చెప్పెయ్. ఆ రోజు పొద్దున ఏ మాత్ర వేసుకోవాలి ఏది మానాలి అన్నది కాగితం మీద రాయించుకో.

రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని మీ అమ్మ అంది. పడుకునేముందు ఫోన్లో ఆపరేషన్ వీడియోలు చూడకు తల్లీ. ఏ టైం అయినా నాకు ఫోన్ చెయ్యి, నేను 4 గంటలకే లేస్తాను. రాజమండ్రి నుంచి భీమవరం ఎంత దూరమని, ఆపరేషన్‌కి రెండు రోజుల ముందే వచ్చేస్తా, హాస్పిటల్లో రాత్రిళ్ళు నీ దగ్గర నేనుంటా, మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా ఆవిడ ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. వచ్చే వారం మళ్ళీ హిమోగ్లోబిన్ చేయించుకుని ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపించు.

మీ పెద్దమ్మ