90 రోజుల క్లాజు ఎక్కడుంది?

ప్రశ్న: నేను టీవీ నటుణ్ని, యూసుఫ్‌గూడలో ఉంటాను. ఏళ్ల తరబడి వస్తున్న ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లో గ్రహాంతర సేనాని వేషం వేశాను. మొహమంతా రబ్బరు మాస్కు, గొంతు వేరేవాళ్ల డబ్బింగ్. మాస్కు జిగురు పడక 2021లో మెడంతా పుండ్లు పడ్డాయి. అమ్మ పోయిన ఐదో రోజే షూటింగ్‌కి వెళ్లాను. అలాంటిది 2023 మార్చి తర్వాత చెప్పాపెట్టకుండా అదే మాస్కు ఇంకొకరికి తొడిగారు. 2022 నవంబరు నుంచి 2023 మార్చి దాకా 64 కాల్‌షీట్లకు రోజుకు రూ.6,000 చొప్పున రూ.3,84,000 రావాలి. 2024 జూన్‌లో మేనేజర్ 'అన్నా, నీ 3,84,000 గుర్తుంది, చానల్ నుంచి పేమెంట్ రాగానే వేస్తాం' అని వాట్సాప్ పెట్టాడు. ఆగస్టులో కంపెనీ ఖాతా నుంచి యూపీఐలో రూ.25,000 వచ్చింది. అంతే. నిర్మాతను అడిగితే 'మనం ఫ్యామిలీ కదా' అంటారు. అగ్రిమెంట్ కాపీ ఇల్లు మారినప్పుడు పోయింది. బిల్లు ఇచ్చిన 90 రోజులకు డబ్బు ఇస్తామని అందులో ఉన్నట్టు గుర్తు. అప్పట్లో బైక్ లోన్‌కి దాని జిరాక్స్ కూడా ఇచ్చాను. నా పాత్రను వేరేవాళ్లతో వేయించకుండా సీరియల్ ఆపించగలనా? 'స్టార్ ట్రెక్'లో స్పాక్ అనే గ్రహాంతరవాసి వేషం వేసిన లెనార్డ్ నిమోయ్ స్టూడియో మీద కేసు వేసి నెగ్గుకొచ్చాడు కదా? మానసిక వేదనకు పరిహారం వస్తుందా? 2025లో కంపెనీ మానేసిన ఆ మేనేజర్, 2024 డిసెంబరు తేదీ వేసి 'బాకీ ఉన్నాం' అని పాత లెటర్‌హెడ్ మీద రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? ఇప్పుడు వాళ్లే కొత్త సీజన్‌కి మళ్లీ రమ్మంటున్నారు.
– ఒక నటుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు మాస్కు గురించి, అవమానం గురించి, నిర్మాత మాట తీరు గురించి. వాటిని పక్కన పెడుతున్నాను. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ మీరు మధ్యలో ఎక్కడో, పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక్క వాక్యం మీద. బైక్ లోన్‌కి అగ్రిమెంట్ జిరాక్స్ ఇచ్చానన్నారే, అదీ.

ఎందుకో చెప్తాను. ఈ జవాబు రాస్తున్నది 2026 జనవరిలో. చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడానికి లిమిటేషన్ చట్టం, 1963 ఇచ్చే గడువు మూడేళ్లు. డబ్బు ఎప్పుడివ్వాలో ఒప్పందంలో లేకపోతే పని చేసిన రోజు నుంచే మూడేళ్లు లెక్క. ఫలానా రోజుకల్లా ఇస్తామని ఒప్పందంలో ఉంటే ఆ రోజు దాటి, మాట తప్పిన దగ్గర్నుంచి లెక్క. మీరేమో 'చివరి షూటింగ్ 2023 మార్చి కాబట్టి 2026 మార్చి దాకా టైముంది' అని ధీమాగా రాశారు. తప్పు. పాల ప్యాకెట్ల మీద తేదీల్లా ఏ నెల బిల్లుకు ఆ నెల గడువే. మార్చి బిల్లు బతికి ఉన్నంత మాత్రాన నవంబరు బిల్లు బతకదు.

బిల్లు ఇచ్చిన 90 రోజులకు డబ్బు ఇస్తామనే ఆ క్లాజు (షరతు) అగ్రిమెంట్‌లో లేదనుకోండి. నవంబరు, డిసెంబరు బిల్లులకు కాలం ఇప్పటికే చెల్లిపోయింది. మీ లెక్క ప్రకారం ఆ రెండు నెలల్లో 30 కాల్‌షీట్లు, అంటే రూ.1,80,000. జనవరి కాల్‌షీట్లు మీరు ఈ జవాబు చదువుతుండగానే రోజుకొకటి చొప్పున జారిపోతున్నాయి. క్లాజు ఉందనుకోండి. నవంబరు నెలాఖరున ఇచ్చిన బిల్లుకు 90 రోజులు కలిపితే 2023 ఫిబ్రవరి 28. అక్కడి నుంచి మూడేళ్లంటే ఈ ఫిబ్రవరి నెలాఖరు. అప్పుడు 64 కాల్‌షీట్లూ బతికే ఉంటాయి. ఒక్క క్లాజు దగ్గర మీ బాకీలో దాదాపు సగం ఇటో అటో అయిపోతోంది. ఇంకో సంగతి, గడువు దాటిన దావాను అవతలివాళ్లు అభ్యంతరం చెప్పకపోయినా కోర్టే కొట్టేయాలి. సెక్షన్ 3 అదే చెప్తుంది. జడ్జిగారికి మీ మీద ఎంత జాలి ఉన్నా చేయగలిగింది లేదు. ఆలస్యాన్ని క్షమించమని అడిగే సెక్షన్ 5 అప్పీళ్లకు, దరఖాస్తులకే గానీ దావాలకు వర్తించదు.

ఆరేళ్లు ఒక కంపెనీలో వేషం వేసి అగ్రిమెంట్‌ను ఒక్కసారి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోకపోవడాన్ని ఏమనాలి? రేషన్ కార్డు పోతే మీసేవ చుట్టూ పది సార్లు తిరుగుతాం. అన్నం పెట్టే కాగితం పోతే మాత్రం 'ఎక్కడో పోయింది సార్' అంటాం. కృష్ణానగర్ నుంచి, చిత్రపురి కాలనీ నుంచి నా దగ్గరికి వచ్చే ఆర్టిస్టుల్లో ఎక్కువమంది కథ ఇదే. పక్కవాడి డైలాగ్ కూడా నోటికి వస్తుంది, తాము సంతకం పెట్టిన కాగితంలో ఏముందో తెలియదు.

ఇక చేయాల్సింది. రేపు పొద్దున్నే ఆ ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లండి. లోన్ నంబరు వేసి, ఫైల్లో ఉన్న ఆదాయ పత్రాల నకళ్లు కావాలని రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు రెండో ప్రతి మీద వాళ్ల స్టాంపు వేయించుకోండి. లోన్ తీరిపోయినా ఫైలు స్కాన్ చేసి ఉంచుకునే అవకాశం ఎక్కువ. అసలు కాగితం కంపెనీ దగ్గర ఉంది కాబట్టి దాన్ని కోర్టుకు తెమ్మని వాళ్లకు నోటీసు ఇస్తాం. తేకపోతే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 60, 64 కింద మీ నకలును సాక్ష్యంగా పెట్టడానికి దారి ఉంది. దానితోపాటు ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో ఆ సంవత్సరాల ఫారం 26ఏఎస్ (మీ పేరు మీద ఎవరెంత పన్ను కోసి కట్టారో చూపే పత్రం) తీయండి. టీడీఎస్ అన్నది డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను. దాన్ని డబ్బు చేతికిచ్చినప్పుడే కాదు, ఖాతా పుస్తకంలో బిల్లు జమ రాసుకున్నప్పుడు కూడా కోయాలి. మీకు అందిన దానికంటే ఎక్కువ మొత్తం అక్కడ కనిపిస్తే, మీ బిల్లును వాళ్లు లెక్కల్లోకి ఎక్కించుకున్నారన్నమాట. అదొక్కటే బాకీ ఒప్పుకోలు అయిపోదు గానీ, 'ఈయనెవరో మాకు తెలియదు, ఇంత పని చేయలేదు' అనే నోరు మూతపడుతుంది.

వాట్సాప్ మెసేజ్ సంగతి. గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన రాత ఉంటే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. 2024 జూన్ మెసేజ్ గడువులోపే వచ్చింది, పెట్టినవాడు అప్పటికి ఉద్యోగంలోనే ఉన్నాడు, మొత్తం కూడా రాశాడు. బాగుంది. కానీ వాట్సాప్ మెసేజ్ సంతకం చేసిన రాత అవుతుందా, కంపెనీ తరఫున బాకీ ఒప్పుకునే అధికారం మేనేజర్‌కు ఉందా, ఈ రెండూ వాదించి నెగ్గాల్సినవి. యూపీఐలో వచ్చిన పాతిక వేలూ అంతే. అదే చట్టం సెక్షన్ 19కి చెల్లింపు ఒక్కటీ చాలదు, చెల్లించినవాళ్ల రాత కూడా కావాలి. ఇవన్నీ మన వాదనలో పెడతాం. కానీ వీటిని నమ్ముకుని 2027 దాకా కూర్చునే లాయరు మీకు వద్దు.

ఆ మెసేజ్ ఉన్న పాత ఫోన్‌ను స్క్రీన్ పగిలిందని అమ్మేద్దామనుకుంటున్నట్టు చివర్లో రాశారు. అమ్మితే మీ అంత తెలివితక్కువవాళ్లు ఉండరు. స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ కొడితే సాక్ష్యం అయిపోదు. సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె, హ్యాష్ విలువ, కూడా రాయాలి. ఫోన్ ఉంటేనే అవన్నీ. చాట్‌లో ఒక్క అక్షరం డిలీట్ చేయొద్దు, మీరు తిట్టిన తిట్లు కూడా.

పాత మేనేజర్ ఇస్తానన్న లెటర్ ముట్టుకోవద్దు. మీరే రాశారు, కంపెనీ 2024 వేసవిలో ఆఫీసును మణికొండకు మార్చిందని. అతని దగ్గరున్న లెటర్‌హెడ్ మీద ఉన్నది పాత యూసుఫ్‌గూడ అడ్రస్. ఖాళీ చేసిన ఆఫీసు అడ్రస్‌తో డిసెంబరులో లెటర్ ఎలా వచ్చిందని అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్నకే అతను నీళ్లు నములుతాడు. పాత తేదీ వేసి కాగితం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ. అది దొంగ కాగితమని తెలిసీ వాడితే సెక్షన్ 340. అతనితోపాటు మీరూ ముద్దాయే. పైగా ఆ ఒక్క కాగితం బయటపడితే మీ నిజమైన వాట్సాప్‌ను, నిజమైన 26ఏఎస్‌ను కూడా కోర్టు అనుమానంగానే చూస్తుంది. న్యాయంగా రావాల్సిన బాకీని నేరంగా మార్చుకోవడమంటే ఇదే. అతను నిజంగా సాయం చేయాలనుకుంటే దారి ఉంది. 2024 జూన్‌లో ఎవరు చెప్తే ఆ మెసేజ్ పెట్టాడో, బిల్లులు ఎవరికిచ్చాడో కోర్టులో సాక్షిగా చెప్పమనండి. ఆ మేనేజర్ మీద అంత నమ్మకం ఉంటే ఆ మాట అడిగి చూడండి, ఏమంటాడో తెలుస్తుంది.

సీరియల్ ఆపించడం కుదరదు. పాత్ర మీది కాదు. మీరు అంతగా అభిమానించే ఆ ఇంగ్లిష్ సిరీస్‌లలోనే చూడండి. 1963లో మొదలైన 'డాక్టర్ హూ'లో మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింటే 1966లో ప్యాట్రిక్ ట్రౌటన్‌ను పెట్టి, అదే పాత్ర రూపం మార్చుకుందని కథలోనే చెప్పేశారు. అందులో డాలెక్‌లని డబ్బాల్లాంటి గ్రహాంతర శత్రువులు ఉన్నాయి కదా, వాటి మీద హక్కుల్లో వాటా రచయిత టెర్రీ నేషన్‌కు దక్కింది. వాటి ఆకారం గీసిన రేమండ్ క్యూసిక్ బీబీసీ ఉద్యోగి కావడంతో రాయల్టీ రాలేదు. డబ్బాలో కూర్చుని నడిపినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? నిమోయ్ గొడవ వేరు. స్పాక్ రూపంలో తన మొహాన్ని సరుకుల మీద వాడుకున్నారన్నది ఆయన ఫిర్యాదు. అది కూడా రాజీతో ముగిసింది, ఆ తర్వాతే 1979 'స్టార్ ట్రెక్' సినిమాలో నటించాడు. మీ మొహం ఒక్క ఫ్రేములోనూ లేదు, గొంతూ మీది కాదు.

అయితే మీకు హక్కులే లేవనుకోవద్దు. కాపీరైట్ చట్టం సెక్షన్ 38బి ప్రకారం నటుడిగా మీ పేరు వేయమని అడగొచ్చు. సెక్షన్ 38ఎ ప్రకారం రాతపూర్వకంగా ఒప్పుకుని నటించాక నిర్మాత వాడుకోవడాన్ని అడ్డుకోలేరు గానీ, వ్యాపారంగా వాడుకుంటే రాయల్టీకి అర్హత ఉందని 2012 సవరణ అంటోంది. దాన్ని రాబట్టడం మాత్రం తేలిక కాదు, ఇప్పుడే ఆశ పెట్టను. ఒక పని చేయండి. మీరు నటించిన ఎపిసోడ్ల చివర టైటిల్స్‌లో మీ పేరు పడిందా లేదా చూసి రికార్డు చేసుకోండి. టైటిల్స్‌లో ఎక్కడా పేరు లేని చిల్లర పాత్రలకు నటుడి హక్కులు చాలావరకు వర్తించవు. పేరున్న ఎపిసోడ్లు యాప్‌లోంచి ఎప్పుడు తీసేస్తారో చెప్పలేం.

2021 నాటి చర్మం పుండ్లకు పరిహారం అడిగే గడువు దాటిపోయింది. మానసిక వేదన పరిహారం ఈ దావాలో కలిపితే బాకీ కేసు పలచబడుతుంది తప్ప లాభం లేదు.

ఇక దారి. పాతిక వేలు తీసేయగా మిగిలిన రూ.3,59,000 మూడు లక్షలు దాటింది, సేవల ఒప్పందం మీద వచ్చిన తగాదా. కాబట్టి ఇది వ్యాపార తగాదాలు చూసే కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వులు అడగని దావా అక్కడ వేయాలంటే ముందు కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద మీడియేషన్‌కు (మధ్యవర్తి ముందు రాజీ ప్రయత్నానికి) వెళ్లి తీరాలి. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అని తేల్చేసింది. న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టాలి. మీడియేషన్‌లో గడిచిన కాలాన్ని లిమిటేషన్ లెక్కలోంచి తీసేస్తారు, మీకు కలిసొచ్చేది ఇదే. లీగల్ నోటీసు ఇచ్చినా, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసినా, ఆర్టిస్టుల సంఘంలో పెద్దమనుషులను కూర్చోబెట్టినా గడువు ఒక్క రోజు కూడా ఆగదు. చీటింగ్ కేసు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మిమ్మల్ని పనిలోకి తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించలేకపోతే అది నిలవదు. ఏళ్ల తరబడి డబ్బు ఇస్తూ వచ్చినవాళ్ల మీద అది చూపించడం కష్టం.

90 రోజుల క్లాజు దొరికినా దొరకకపోయినా ఈ నెలలోనే దరఖాస్తు పెట్టించండి. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో మీకు డబ్బు వేసిన కంపెనీ పూర్తి పేరేమిటో చూసుకుని దాని మీదే వేయాలి. నిర్మాత మీద, చానల్ మీద కోపంతో అందరి పేర్లూ ఎక్కించకండి.

కొత్త సీజన్‌కి పిలుస్తున్నారంటే వెళ్లండి, పని మానుకోమని నేను చెప్పను. కాకపోతే కొత్త అగ్రిమెంట్ అక్కడికక్కడ సెట్‌లో సంతకం చేయకుండా ఇంటికి తెచ్చుకుని చదవండి. 'ఇంతకుముందు బాకీలేమీ లేవు, అన్నీ ముట్టాయి' అనే వాక్యం ఎక్కడైనా ఉంటే కొట్టేయించి, ఆ కొట్టివేత పక్కన రెండు వైపులా సంతకాలు పెట్టాకే మాస్కు తొడుక్కోండి. వీలైతే దాని బదులు '2022-23 బాకీ రూ.3,59,000 ఇవ్వాల్సి ఉంది' అని రాయించి కంపెనీ సంతకం తీసుకోండి. మీరు లేకపోతే వాళ్లకు షెడ్యూల్ ఆగే పరిస్థితి ఉంటే రాసిస్తారు. రాసిచ్చిన రోజే దాన్ని ఫొటో తీయండి.