సెప్టెంబరు దాకా ఒకే జట్టు వెంట

చిరంజీవి రవికి,

మామయ్య ఆశీస్సులు. అడిలైడ్‌లో గ్లెనెల్గ్ పేటలో ఇల్లు కుదిరిందని, ఈ ఏడాది ఎస్ఏఎన్ఎఫ్ఎల్ (దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రపు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్ మొదటి మ్యాచ్ నుంచి చూడాలనుకుంటున్నావని ఫోనులో చెప్పావు. ఆ రోజు సరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ముందు జట్టు సంగతి. నేను వెస్ట్ అడిలైడ్ మనిషినని నీకు తెలుసు. అయినా నిన్ను ఇటు రమ్మనను. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే మైదానం ఎవరిదైతే వాళ్లే నీ జట్టు. 1877లో పుట్టిన ఈ లీగ్ ప్రాణమంతా పేటల్లోనే ఉంది. నార్‌వుడ్, ప్రాస్పెక్ట్, అన్లీ, ఆల్బర్టన్, ఎలిజబెత్... ఎక్కడి మైదానం అక్కడివాళ్లదే. కాబట్టి నువ్వు గ్లెనెల్గ్ వాడివి.

2023, 2024లో వరసగా కప్పు గెలిచిన జట్టు కదా, అందరికీ నచ్చుతుంది. కానీ 1986 తర్వాత మళ్లీ గెలవడానికి వాళ్లకు 2019 దాకా పట్టింది. ముప్పై మూడేళ్లు! నీ పక్కన పసుపు, నలుపు కండువా వేసుకుని కూర్చున్న పెద్దాయన ఆ ఏళ్లన్నీ చూసినవాడై ఉండవచ్చు. ఆయనతో మాట కలుపు. ఆటను నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, అలాంటివాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

నేను ఇక్కడికి వచ్చింది 2003లో. అప్పటికి మావాళ్లు చివరిసారి కప్పు గెలిచింది 1983లో. మా రిచ్‌మండ్ మైదానంలో కంచె పక్కన ఒకే చోట నిలబడి పన్నెండేళ్లు చూశాను. ఒక ఏడాది వరస ఓటములకు విసిగి, జూన్, జూలై నెలల్లో వెళ్లడం మానేశాను. ఆగస్టులో మళ్లీ వెళ్తే, ఎప్పుడూ నా పక్కన నిలబడే ముసలాయన "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. 2015లో అడిలైడ్ ఓవల్‌లో వుడ్‌విల్-వెస్ట్ టోరెన్స్ మీద 30 పాయింట్లతో గ్రాండ్ ఫైనల్ గెలిచినప్పుడు ఆయన నన్ను పట్టుకుని ఏడ్చాడు. అప్పటికీ మాకు ఒకరి పేరు ఒకరికి తెలియదు. వానాకాలపు ఓటములు మానుకోకు రవీ, వాటిని చూసినవాడికే సెప్టెంబరులో జరిగే ఫైనల్స్ విలువ తెలుస్తుంది.

మైదానంలో నువ్వు తప్పకుండా చేయవలసిన పని ఒకటుంది. నాలుగు క్వార్టర్ల ఆటలో మూడోది అయిపోగానే కంచె దాటి లోపలికి వెళ్లు, ఎవరూ ఆపరు. ఆటగాళ్లంతా కోచ్ చుట్టూ గుమిగూడతారు. వాళ్ల వెనుక నిలబడితే కోచ్ మాట నీకూ వినిపిస్తుంది. బురద, చెమట వాసన తగిలేంత దగ్గర. ఆ కుర్రాళ్లలో చాలామంది వారమంతా ఉద్యోగాలు చేసి, సాయంత్రాలు సాధన చేసేవాళ్లే. దేశవ్యాప్తంగా జరిగే పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్ మ్యాచ్‌లకు ఎంత డబ్బు పెట్టినా ఇంత దగ్గరగా నిలబడలేవు. బుజ్జిగాడిని కూడా తీసుకెళ్లు, బంతి మరచిపోకు. విరామంలో పిల్లలందరూ గడ్డి మీద బంతి తన్నుకుంటారు, మనవాడు గంటలో పది మంది స్నేహితులను సంపాదిస్తాడు.

పాయింట్ల పట్టిక చూసి కంగారుపడకు. గెలిస్తే ఇక్కడ రెండు పాయింట్లే, ఏఎఫ్ఎల్‌లోలాగా నాలుగు కాదు. జట్లు సమానంగా ఉన్నప్పుడు చూసే శాతం లెక్కా వేరు. అక్కడ మ్యాచ్‌లలో చేసిన పాయింట్లను ఎదుటివాళ్లకు ఇచ్చిన పాయింట్లతో భాగిస్తారు, ఇక్కడ రెండింటి మొత్తంతో భాగిస్తారు. 900 చేసి 900 ఇచ్చిన జట్టుకు అక్కడ 100 శాతం, ఇక్కడ 50 శాతం. అంటే 50 దాటితే చాలు, మంచిదే. బంతి గీత దాటినప్పుడు జనం ఒక్కసారిగా అరుస్తారు, దానికీ కారణం ఉంది. 2016 నుంచి ఈ లీగ్‌లో, తన్నిన బంతిగానీ చేతితో కొట్టిన బంతిగానీ ఎవరికీ తగలకుండా బయటికి పోతే ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ ఇస్తారు. అందుకే ఆటగాళ్లు అంచుల వెంట దాక్కోరు, ఆట మధ్యలో నడుస్తుంది. నాకు ఈ నియమం చాలా ఇష్టం.

ఒక బాధకు మాత్రం ముందే సిద్ధపడు. సీజన్ మధ్యలో ఏఎఫ్ఎల్ జట్లు ఇక్కడి నుంచి ఆటగాళ్లను తీసుకుంటాయి. 2019లో మా జాన్ నోబుల్‌ను కాలింగ్‌వుడ్ అలాగే తీసుకెళ్లింది. మంచి కుర్రాడు ఎదిగాడని సంతోషించాలి, సంతోషించాను కూడా. కానీ ఆ శనివారం మావాళ్ల రక్షణ వరస ఖాళీగా కనిపించింది. ఏఎఫ్ఎల్‌లోనూ ఆడే అడిలైడ్, పోర్ట్ అడిలైడ్ జట్లది మరో సంగతి. పై లీగ్ జట్టులో చోటు దొరకని వాళ్లు ఆ వారం ఇక్కడ ఆడతారు కనుక, వాళ్ల బలం వారం వారం మారిపోతుంది. వాళ్లతో మ్యాచ్ ఉంటే గురువారం రాత్రి ఎవరెవరి పేర్లు ప్రకటించారో చూసుకో.

పది జట్లలో అయిదే ఫైనల్స్‌కు వెళ్తాయి. మొదటి స్థానంలో ఉన్న జట్టుకు తొలి వారం విశ్రాంతి. నాలుగు, అయిదు స్థానాల వాళ్లకు ఒక్క ఓటమితో సీజన్ ముగుస్తుంది. ఆగస్టులో అయిదో స్థానం కోసం జరిగే పెనుగులాటే నా దృష్టిలో ఏడాదికంతటికీ మంచి ఆట. పట్టికలో మీవాళ్లు పైనున్నా, ఆ నెలలో వేరేవాళ్ల మ్యాచ్‌లకూ వెళ్లు.

ఉన్ని టోపీ, వానకోటు, మడత కుర్చీ కారులోనే ఉంచు. మీ మైదానం సముద్రానికి దగ్గర, జూలైలో గాలి ఎముకలు కొరుకుతుంది. సింధుతో చెప్పు, పులిహోర కాస్త ఎక్కువే కలపమని. కంచె దగ్గర అడిగేవాళ్లుంటారు.

మీ జట్టు రిచ్‌మండ్‌కు వచ్చే రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజు నువ్వు నీ రంగుల్లోనే రా. కంచె దగ్గర నా పక్కన చోటు ఉంచుతాను.

ఇట్లు,
మామయ్య