పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఊరి చివరి ఇంటికి ఫైబరు తీగ

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. అక్కడ ఫోను, ఇంటర్నెట్ ఇచ్చేది ఒక సహకార సంఘమట. అది పాత సభ్యులకు ఏటా చెక్కులు పంపుతుందని, బడి చదువు ముగించిన పిల్లలకు ఉపకార వేతనాలు, అగ్నిమాపక దళానికి విరాళాలు ఇస్తుందని, పొలాల మధ్య ఒంటరిగా ఉన్న ఇళ్లకు కూడా ఫైబరు వేస్తోందని చెప్పాడు. వ్యాపారం చేసే సంస్థ వచ్చిన డబ్బును తిరిగి ఎందుకు ఇస్తుంది?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. ఆ చెక్కును మన పల్లెల్లో పాలకేంద్రం ఇచ్చే బోనసుతో పోల్చి చూస్తే విషయం సులువుగా బోధపడుతుంది. ఎవరు ఎన్ని లీటర్ల పాలు పోశారో చూసి బోనసు లెక్క కడతారు గాని, ఎవరు ఎంత వాటా సొమ్ము పెట్టారో చూసి కాదు. అక్కడి టెలిఫోను సంఘాలలోనూ అదే పద్ధతి. ఏడాది ఖర్చులన్నీ పోగా మిగిలిన మొత్తాన్ని, ఎవరు ఎంత బిల్లు కట్టారో దానికి తగ్గట్టుగా వారి వారి పేర్ల మీద జమ రాస్తారు. ఆ సొమ్మును వెంటనే చేతికి ఇవ్వకుండా కొన్నేళ్లపాటు సంఘం దగ్గరే ఉంచుకుని తీగలకు, యంత్రాలకు పెట్టుబడిగా వాడుకుని, ఆర్థిక పరిస్థితి అనుకూలించినప్పుడు పాత సంవత్సరాల వరుసలో చెల్లిస్తారు. ఈ ఏడాది అందిన చెక్కు ఎన్నో ఏళ్ల కిందట కట్టిన బిల్లులకు సంబంధించినది కావచ్చు. కనుక అది లాభంలో వాటా కాదు. సభ్యుడు ఖర్చుకు మించి కట్టిన సొమ్ము ఆలస్యంగా ఇంటికి రావడమే. ఎంత పెద్ద బిల్లు కట్టినా సభ్యుడికి ఓటు మాత్రం ఒక్కటే.

ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. గ్రాహం బెల్ టెలిఫోను పేటెంట్ల గడువు 1893, 1894 సంవత్సరాలలో తీరిపోయింది. పెద్ద కంపెనీలు పట్టణాలు దాటి రాకపోవడంతో రైతులే చందాలు వేసుకుని, స్తంభాలు పాతుకుని ఊళ్ల మధ్య లైన్లు లాగారు. కొన్ని చోట్ల పొలాల చుట్టూ ఉన్న ముళ్లకంచె తీగనే ఫోను తీగగా వాడుకున్నారు. 1920 నాటికి అక్కడి వ్యవసాయ కుటుంబాలలో సుమారు 39 శాతం ఇళ్లకు ఫోను ఉండేది. ఆ తరువాత ఆర్థిక మాంద్యంలో బిల్లులు కట్టలేక, పాత లైన్లు బాగుచేసుకోలేక ఎందరో ఫోను వదులుకోగా 1940 నాటికి అది 25 శాతానికి పడిపోయింది. ఒకసారి వచ్చిన సౌకర్యం పల్లె నుంచి వెనక్కి పోవడం ఎంత సులువో ఈ రెండు అంకెలు చెబుతాయి. పల్లెలకు కరెంటు కోసం 1936లో చేసిన గ్రామీణ విద్యుదీకరణ చట్టాన్ని 1949 అక్టోబరులో సవరించి టెలిఫోను లైన్లకు కూడా తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పులు ఇవ్వడం మొదలుపెట్టిన తరువాతే సహకార టెలిఫోను సంఘాలు నిలదొక్కుకున్నాయి. వాటి జాతీయ సమాఖ్య 1954లో ఏర్పడింది; ఇవాళ అందులో సుమారు 850 చిన్న గ్రామీణ సంస్థలు సభ్యులుగా ఉన్నాయి.

ఇక విరాళాల సంగతి. నగరంలో నష్టం వస్తే కంపెనీ మరో నగరానికి పోగలదు. భూమిలో పాతిన తీగను పీకి పట్టుకుపోలేని గ్రామీణ సంఘానికి ఆ దారి లేదు. బడి మూతపడితే కుటుంబాలు ఊరు వదులుతాయి, కుటుంబాలు పోతే బిల్లు కట్టేవారు తగ్గుతారు, మిగిలినవారి మీద భారం పెరుగుతుంది. అందువల్ల బడికి, ఆసుపత్రికి, అగ్నిమాపక దళానికి ఇచ్చే సాయం సంఘం తన పునాదికి తాను చేసుకునే మరమ్మతు వంటిది. అక్కడి పల్లెల్లో అగ్నిమాపక దళాలు చాలావరకు జీతం లేని స్వచ్ఛంద సేవకులతో నడుస్తాయి కాబట్టి గొట్టాలకు, రేడియో సెట్లకు వచ్చే చిన్న విరాళం కూడా వారికి పెద్ద ఊరటే. చిరునామా మారిపోయో, సభ్యుడు మరణించో ఎవరూ తీసుకోని చెక్కుల సొమ్మును విద్యార్థుల ఉపకార వేతనాలకు వాడుకోవచ్చని కొన్ని రాష్ట్రాల చట్టాలు అనుమతిస్తాయి కూడా. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో మాంచెస్టరులో ఆమోదించిన ఏడు సూత్రాలలో చివరిది తన చుట్టూ ఉన్న సమాజం పట్ల శ్రద్ధ. ఆ సూత్రాన్ని ఎవరూ గుర్తుచేయకముందే ఈ సంఘాలు పాటిస్తూ వచ్చాయని నా అభిప్రాయం. ఎందుకంటే సంఘం డైరెక్టరు కూడా అదే రోడ్డులో కాపురం ఉండే రైతు, ఫోను పనిచేయకపోతే పొరుగువారు వెళ్లి అతని తలుపే తడతారు.

ప్రశ్న: మా పంచాయతీ కార్యాలయం దాకా ఫైబరు వచ్చిందని చెబుతున్నారు. అక్కడికి కిలోమీటరున్నర దూరంలో, తోటల మధ్య ఉన్న మా పదిహేను ఇళ్లకు మాత్రం ఎవరూ వేయడం లేదు. అడిగితే గిట్టుబాటు కాదంటున్నారు. అంత ఖర్చు ఎక్కడ అవుతుంది?
– ఒక రైతు, పద్మనాభం మండలం

జవాబు: గిట్టుబాటు కాదన్న మాట అబద్ధం కాదు, అయితే అది పూర్తి జవాబు కూడా కాదు. తీగ వేసే ఖర్చు దూరాన్ని బట్టి ఉంటుంది. రాబడి ఇళ్లను బట్టి ఉంటుంది. సీతమ్మధారలో ఒక అపార్టుమెంటుకు తీగ ఎక్కిస్తే యాభై కనెక్షన్లు రావచ్చు. మీ తోటల దారిలో కిలోమీటరున్నర లాగితే పదిహేనుకు మించి రావు. స్తంభాలు, మనుషుల కూలి, తరువాత చెట్టుకొమ్మ పడి తీగ తెగితే బాగుచేసే పని మాత్రం రెండు చోట్లా ఉంటాయి.

పరికరాల విషయానికొస్తే దూరం అసలు అడ్డంకే కాదు. పాత రాగి తీగ మీద ఇంటర్నెట్ ఇచ్చిన రోజుల్లో ఎక్స్చేంజీ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే వేగం బాగా పడిపోయేది. నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో ఈ ఫిర్యాదుకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఫైబరులో ఒక కేంద్రం నుంచి 20 కిలోమీటర్ల దాకా కాంతి చక్కగా చేరుతుంది. దారిలో స్ప్లిట్టరు అనే చిన్న పెట్టె ఒకే కాంతిని 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతుంది. దానికి కరెంటు కూడా అక్కరలేదు. సాధారణంగా వాడే పద్ధతిలో ఒక పోగు (కేబులులోని సన్నని గాజు తీగ) మీద సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల సమాచారం ఇళ్ల వైపు, అందులో సగం తిరుగు దారిలో ప్రయాణిస్తుంది. మీ పదిహేను ఇళ్లకు ఒకే ఒక్క పోగు సరిపోతుంది.

మనిషి చేతి పని అవసరమయ్యేది అతుకుల దగ్గర. కిందటి నెల ఆనందపురం దారిలో, రోడ్డు పక్కన గొడుగు కింద ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఒక కుర్రవాడు తెగిన కేబులును కలుపుతుండగా కాసేపు ఆగి చూశాను. పోగు మీది రంగు పూతను ఒలిచి, స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిచి, మన తలవెంట్రుకంత సన్నగా ఉన్న ఆ గాజును చిన్న కత్తెర యంత్రంలో పెట్టి కొన సమంగా తెంపాడు. రెండు కొనలనూ ఎదురెదురుగా పెట్టి మూత వేయగానే లోపల విద్యుత్ మెరుపు పుట్టి గాజు కరిగి ఒకటైంది; తెరపై 0.02 అన్న అంకె కనిపించింది. అతుకు దగ్గర పోయే కాంతి లెక్క అది. ఒకవేళ 0.2 వస్తే తెంపి మళ్లీ మొదటి నుంచి చేస్తానని చెప్పాడు. అటువంటి పోగులు 24 ఉన్నాయి. దుమ్ము ఎగిరే రోడ్డు మీద ఆ పనికి సాయంత్రం దాకా పట్టింది. తీగ తెగిన రోజున ఆపరేటరు ఆలస్యం చేస్తున్నాడని మనం విసుక్కునే గంటలు ఇలాగే గడుస్తాయి.

డబ్బు లెక్క తేలని చోట ప్రజాధనం రావాలి. అమెరికాలో 2021 మౌలిక వసతుల చట్టం కింద ఇంటర్నెట్ చేరని ప్రాంతాల కోసం 4,245 కోట్ల డాలర్లు కేటాయించారు. సంఘాలు పాత రాగి లైన్లను ఒక్కో ప్రాంతంగా ఫైబరులోకి మార్చడానికి గ్రాంట్లు, ప్రభుత్వ రుణాలు, సభ్యుల జమ సొమ్ము కలుపుకుంటాయి. మన దేశంలో టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం సుంకం నుంచి పల్లెల కోసం ఒక నిధి ఉంది. ఆ నిధితోనే 2011లో పంచాయతీలకు ఫైబరు వేసే పథకాన్ని ఆమోదించి, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చి, 2023 ఆగస్టులో 1.39 లక్షల కోట్ల రూపాయలతో సవరించారు. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆ సేవ నెలకు 149 రూపాయలతో మొదలైంది, దాని నియంత్రణ కేంద్రాన్ని మన విశాఖలోనే నెలకొల్పారు. అంటే పెద్ద కాలువ తవ్వారు. పిల్ల కాలువ ఎవరు తవ్వాలన్నదే మీ పదిహేను ఇళ్ల సమస్య. గ్రామసభలో ఈ విషయం ఒక తీర్మానంగా రాయించండి. ఇళ్ల సంఖ్య, దూరం, ఎంతమంది నెలనెలా కట్టడానికి సిద్ధంగా ఉన్నారో అందులో ఉండాలి. నోటి మాటగా అడిగినదానికీ, కాగితం మీద లెక్కతో అడిగినదానికీ ఆపరేటరు ఇచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: పాత ల్యాండ్‌లైను కరెంటు లేకపోయినా మోగేది. ఫైబరు ఫోను కరెంటు పోగానే ఆగిపోతోంది. ఇంట్లో పెద్దవాళ్లం ఇద్దరమే ఉంటాం. ఏం చేయాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గాజువాక

జవాబు: మాస్టారూ, రాగి తీగలో ఎక్స్చేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు మీ ఫోను దాకా వచ్చేది. గాజు తీగలో కాంతి మాత్రమే వస్తుంది కాబట్టి గోడకు బిగించిన పెట్టెకు మీ ఇంటి కరెంటే ఆధారం. దానికి సరిపోయే చిన్న యూపీఎస్ మన బజార్లలో దొరుకుతుంది. కొన్ని గంటలపాటు నడిపిస్తుంది. కొనేముందు మీ పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసుకోండి. అంతకంటే ముఖ్యంగా, మీ ఆపరేటరు గదిలోని యంత్రానికి బ్యాటరీ ఉందో లేదో అడగండి, అక్కడ లేకపోతే మీ ఇంట్లో పెట్టినది వృథా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద పడిన తరువాత స్తంభాలతో పాటు వాటి మీద ఉన్న తీగలన్నీ నేలకూలడం మీరూ చూసే ఉంటారు. ఆ తరువాత నగరంలో కరెంటు తీగలను భూగర్భంలోకి మార్చే పని ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టారు. ఇప్పటికీ స్తంభాల మీదే ఫైబరు ఉన్న వీధుల్లో, తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఛార్జి చేసిన మామూలు మొబైలు ఫోను, దగ్గరి బంధువుల నంబర్లు రాసిన కాగితం పక్కన ఉంచుకోవడం అవసరం.

ప్రశ్న: మా చుట్టుపక్కల పది ఊళ్ల యువకులం కలిసి ఇంటర్నెట్ కోసం సహకార సంఘం పెట్టుకోవాలనుకుంటున్నాం. బడులకు, ఆరోగ్య ఉపకేంద్రానికి ఉచితంగా కనెక్షను ఇవ్వాలని కూడా ఉంది. మన దగ్గర ఇది సాధ్యమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మాడుగుల

జవాబు: సాధ్యమే నాయనా, పైగా మన ప్రాంతానికి ఇది కొత్త కూడా కాదు. అనకాపల్లి చుట్టుపక్కల పల్లెలకు దశాబ్దాలపాటు కరెంటు ఇచ్చింది గ్రామీణ విద్యుత్ సహకార సంఘమే. 1970లో సిరిసిల్లలో మొదలైన సంఘం అమెరికా గ్రామీణ విద్యుత్ సంఘాల సలహాతో రూపుదిద్దుకున్న తొలి ప్రయోగాలలో ఒకటి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఇంటర్నెట్ అమ్మడానికి మాత్రం టెలికాం శాఖ అనుమతి కావాలి. మొదట్లో ఆ అనుమతి ఉన్న సంస్థతో ఒప్పందం చేసుకుని స్థానిక ఆపరేటరుగా మొదలుపెట్టడం తేలిక. కరెంటు స్తంభాలు వాడుకోవాలంటే విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి, దానికి అద్దె తప్పవు.

ఒక భయం మాత్రం దాచను. మన జిల్లా చెరకు రైతులు సహకార కర్మాగారం గేటు ముందు బకాయిల కోసం నిలబడిన రోజులు నాకు తెలుసు. మా నాన్నగారు అందులో ఒకరు. కర్మాగారం సభ్యులదేనని కాగితం మీద ఉన్నా, లెక్కల పుస్తకం సభ్యులు ఎన్నడూ చూడలేదు. మీ నిబంధనలలో రెండు విషయాలు మొదటి రోజే రాసుకోండి. నెలనెలా వచ్చే బిల్లులో ఒక భాగం మరమ్మతు నిధికి వెళ్లాలి, దాన్ని మరే పనికీ ముట్టుకోకూడదు; ఓఎన్‌టీ (ఇంటి గోడకు బిగించే ఫైబరు పెట్టె) మీద ఎర్ర లైటు వెలిగిన ఇంటికి మనిషిని పంపడానికి డబ్బు లేకపోతే ఆరు నెలల్లో సభ్యులు వెళ్లిపోతారు. రెండోది, వార్షిక సమావేశానికి వారం ముందే జమాఖర్చులు పంచాయతీ గోడకు అంటించాలి.

బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి ఉచిత కనెక్షను ఇవ్వాలన్న మీ ఆలోచన మంచిది. అయితే మొదటి ఏడాది దాన్ని ఒక బడికే పరిమితం చేయండి. అప్పు తీరకముందే పది బడులకు మాట ఇచ్చి తప్పడం కంటే అది మేలు. పది ఊళ్ల ఇళ్ల జాబితా, ఒక్కో ఊరి నుంచి పక్క ఊరికి దారి వెంట దూరం, కొండవాలున ఉన్న ఇళ్లు వేరుగా గుర్తించి ఒక చేతిపటం గీయండి. ఒక ప్రతి పత్రిక చిరునామాకు పంపితే స్ప్లిట్టర్లు ఎక్కడెక్కడ పెట్టాలో, ఏ దారిన ముందు తీగ లాగితే ఎక్కువ ఇళ్లు కలుస్తాయో పెన్సిలుతో గుర్తుపెట్టి మీకు తిరిగి పంపుతాను.