గాజు గ్లాసు వేయడానికి ఆయిల్ పాస్టెల్స్‌లో (నూనె, మైనం కలిపిన రంగు పుల్లల్లో) ఏ రంగు వాడాలి?

లేత నీలం మీద తెలుపు ఎంత రుద్దినా నీళ్ల గ్లాసు స్టీలు గ్లాసులాగే వస్తోంది, ఇంకే రంగు వాడాలి అని అడిగారు. ముందు ఆ లేత నీలం పక్కన పెట్టండి. గాజుకు రంగు వెతకడం దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. గ్లాసు వెనక ఏముందో అది వేయండి, గ్లాసు దానంతటదే కనిపిస్తుంది.

హన్మకొండలో మా ఇంట్లో ఆదివారాలు పిల్లలకు డ్రాయింగ్ నేర్పిస్తుంటాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె ఇట్లాగే నీలం అరగదీస్తూ కూర్చుంది. అట్టముక్క మీద కుడివైపుకు ఎర్ర బాణం గీసి, నీళ్ల గ్లాసు వెనక జానెడు దూరంలో నిలబెట్టాను. నీళ్లలోంచి చూస్తే బాణం ఎడమవైపుకు ఉంది! "సార్, తిరగబడింది!" అని అట్టను గ్లాసుకు ఆనించి చూసింది, మళ్లీ కుడివైపే. వెనక్కి జరిపింది, మళ్లీ ఎడమకు. గుండ్రటి గ్లాసులో నీళ్లు భూతద్దం పని చేస్తాయి కదా. గ్లాసు అంచుల్లో ఆ ఎరుపు సన్నటి చీలికలా నొక్కుకుపోయి, దాని పక్కనే దాదాపు నల్లటి గీత ఉంటుంది. ఆ గీతకు నలుపు వద్దని, ముదురు ఆకుపచ్చ మీద గోధుమ రంగు వేయించాను. నీలం ముట్టకుండానే కాగితం మీద నీళ్లు నిలిచాయి.

ఇక మెరుపు సంగతి. ముదురు రంగు మీద తెలుపు రుద్దితే బూడిద రంగే వస్తుంది. మెరుపు ఉండే చోట ముందే తెలుపు గట్టిగా ఒత్తి వేయండి, తర్వాత చుట్టూ మిగతా రంగులు. పైన రంగు పడినా బ్లేడు మొనతో గీకితే కింది తెలుపు బయటపడుతుంది. గీత గీతకూ తెల్ల పుల్ల కొనను గుడ్డతో తుడవాలి. మే నెలలో మన ఎండలకు పాస్టెల్స్ మెత్తబడి చేతికి అంటుకుంటాయి, అప్పుడు పొద్దున్నే వేసుకోవడం మంచిది.

షాపుల్లో ఆయిల్ పాస్టెల్స్ అడిగితే "చిన్న పిల్లలకా?" అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. 1925లో జపాన్‌లో సకురా కంపెనీ వాళ్లు వీటిని తెచ్చింది పిల్లల కోసమే, నిజమే. కానీ 1949లో పికాసో అడిగితేనే పారిస్‌లో సెనెలియే అనే రంగుల కంపెనీ వాళ్లు చిత్రకారుల కోసం ప్రత్యేకంగా తయారు చేశారు. ఇక స్కూలు పోటీల్లో నున్నగా నీలం పూసిన గ్లాసుకే ప్రైజు ఇస్తారు. ఎదురుగా గ్లాసు పెట్టి చూసి వేసిన పిల్లకు ఇవ్వరు. అది అన్యాయం.

తెల్ల కాగితం మీద టెన్షన్‌గా ఉంటే నల్ల చార్టు తీసుకొని గోలీ సోడా సీసాతో మొదలుపెట్టండి. మందపాటి గాజు, మెడ దగ్గర నొక్కులు, లోపల గోలీ. వెలుగు పడ్డ చోట్ల మాత్రమే రంగు పెట్టండి, మిగతాది చార్టు నలుపుకే వదిలేయండి.