నాణేల వ్యాపారి మోసం: ‘ఇష్టపడే కొన్నారు కదా’ అంటే కేసు ఉండదా?

ప్రశ్న: మాది అనంతపురం. మా నాన్నగారి వయసు 74. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. పాత నాణేలంటే ఆయనకు మొదటి నుంచీ సరదా. 2024 మార్చి నుంచి 2025 జనవరి వరకు ఊళ్లోని ఒక నాణేల వ్యాపారి ఆయనకు విడతలవారీగా రూ.6.40 లక్షల నాణేలు అమ్మాడు. రామ పట్టాభిషేకం బొమ్మతో 1818 నాటి ఈస్ట్ ఇండియా కంపెనీ నాణేలు, విక్టోరియా రాణి వెండి రూపాయలు, పెనుకొండ దగ్గర తవ్వకంలో దొరికాయంటూ విజయనగర వరహాలు ఇచ్చాడు. ప్రతిదానికీ ‘అసలైనది’ అని ధ్రువపత్రం ఉంది. రెండేళ్ల తర్వాత రెట్టింపు ధరకు తానే కొంటానన్నాడు. దసరాకు ఇంటికి వెళ్లి నగల దుకాణంలో చూపిస్తే వరహాలు ఇత్తడి మీద పూత అన్నారు. వ్యాపారిని నిలదీస్తే బిల్లు మీది ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూపించి, ‘ఇష్టపడే కొన్నారు కదా’ అంటున్నాడు. గట్టిగా అడిగితే నిధి కొన్నందుకు మీరూ ఇరుక్కుంటారని బెదిరిస్తున్నాడు. పోలీసులు సివిల్ వ్యవహారం అన్నారు. నాన్నగారేమో పరువు పోతుందని స్టేషనుకు రానంటున్నారు. పైగా, రిజర్వు బ్యాంకు ఆమోదించిన కొనుగోలుదారు ఉన్నాడు, ముందు పన్ను కట్టండంటూ ఈమధ్య ఆయనకు ఫోన్లు వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: కేసు ఉంటుంది. అయితే మీరు స్టేషనులో ఇచ్చిన కాగితంలో ఏం రాశారో నేను ఊహించగలను. ‘రెట్టింపు ధరకు కొంటానని చెప్పి ఇప్పుడు కొనడం లేదు’ అని మొదలుపెట్టి ఉంటారు. అది చదివిన ఏ ఎస్సై అయినా ఇది ఒప్పందం తప్పిన గొడవ, కోర్టుకు వెళ్లండనే అంటారు. మాట తప్పడం వేరు, మోసం వేరు. డబ్బు చేతులు మారే సమయానికే అవతలివాడి మనసులో దురుద్దేశం ఉందని చూపిస్తేనే అది మోసం నేరం అవుతుంది. మీ దగ్గర అందుకు కావలసింది ఉంది. అది ఆ ధ్రువపత్రం. ‘ఇవి అసలైనవని అబద్ధం చెప్పి, పత్రం రాసిచ్చాడు. అది నమ్మబట్టే నాన్నగారు డబ్బు ఇచ్చారు’ అన్న వాక్యంతో ఫిర్యాదు మొదలు కావాలి. రెట్టింపు ధర సంగతి చివర్లో ఒక్క వాక్యంలో చెబితే చాలు. ‘ఇష్టపడే కొన్నారు’ అన్న మాటకూ జవాబు ఇక్కడే దొరుకుతుంది. అబద్ధం చెప్పి రాబట్టిన ఇష్టం చట్టం దృష్టిలో ఇష్టం కాదు.

నాణేల సంగతి చూద్దాం. ఒక పక్క రాముడి పట్టాభిషేకం, మరో పక్క ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818 అని ఉన్న బిళ్లలను కంపెనీ అసలు ముద్రించనే లేదు. మద్రాసులో దేవుడి బొమ్మతో కంపెనీ వరహాలు వేసిన మాట నిజమే. ఇలాంటి వ్యాపారులు ఆ సగం నిజాన్ని పట్టుకునే మిగతాది అల్లుతారు. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు ఉండాలి, అందులో వెండి దాదాపు 92 శాతం. నిండు విజయనగర వరహా సుమారు 3.4 గ్రాములు తూగుతుంది. హాల్‌మార్కింగ్ కేంద్రంలో ప్రతి నాణేన్నీ తూకం వేయించి, కరిగించకుండా యంత్రం మీద లోహ పరీక్ష చేయించి, రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. గీటురాయి మీద గీయనివ్వకండి, చింతపండుతో తోమకండి. ‘తెచ్చివ్వండి, మార్చి ఇస్తాను’ అని వ్యాపారి అంటే ఒక్కటి కూడా ఇవ్వకండి. నాణెం అతని చేతికి వెళ్లిన రోజే మీ సాక్ష్యం పోతుంది. బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాట్సాప్ సందేశాలు ఉన్న ఫోనును అలాగే భద్రపరచండి.

నిధి బెదిరింపుకు భయపడవద్దు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన నిధి గురించి దొరికినవారు కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. నూరేళ్లు దాటిన నాణేల వ్యాపారం చేయాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. కాబట్టి అతని కథ నిజమైతే ఈ చట్టాలకు ముందు జవాబు చెప్పుకోవలసింది అతనే. అబద్ధమైతే మోసగాడు. ఇత్తడి బిళ్లలు దాచుకున్న మీ నాన్నగారికి నిధి చట్టంతో పనే లేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో జనం వజ్రాలు వెతుక్కునే సీమలో ‘తవ్వకంలో దొరికింది’ అన్న మాటకు ఉన్న బలం ఇలాంటి వ్యాపారులకు బాగా తెలుసు. ఆ మాట నమ్మినందుకు ఆయనను ఇంట్లో ఎవరూ దెప్పకండి. సిగ్గుతో ఇంకో రెండు చెల్లింపులు దాచి ఉంటే అవి కూడా బయటికి రావాలి.

2024 జూలై 1కి ముందు జరిగిన కొనుగోళ్లకు ఐపీసీ 420, ఆ తర్వాతివాటికి భారతీయ న్యాయ సంహిత 318(4) వర్తిస్తాయి. రెండింటికీ గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఫిర్యాదు ఇవ్వడానికి మీ నాన్నగారే స్టేషనుకు వెళ్లనక్కర లేదు, మీరు ఇవ్వవచ్చు. ఆయన వాంగ్మూలం మాత్రం తప్పనిసరి. ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 179 ప్రకారం అరవై ఏళ్లు దాటిన పురుషుడిని సాక్షిగా విచారించాలంటే ఆయన నివాసానికే పోలీసులు రావాలి. ఆయన ఇష్టపడితే తప్ప స్టేషనుకు రమ్మని ఒత్తిడి చేయకూడదు. ఈ సెక్షను సంగతి ఫిర్యాదులోనే రాయండి. స్టేషనులో మళ్లీ ‘తీసుకోం’ అంటే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలిక లేకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

డబ్బు వెనక్కి రావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ మంచి దారి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలకు మించి రూ.10 లక్షల లోపు ఉంది కాబట్టి ఫీజు రూ.200 మాత్రమే. బిల్లు మీది ఆ ముద్ర అక్కడ చెల్లదు. అవతలి లాయరు రెండు వాదనలు తెస్తారు. ఒకటి, లాభానికి తిరిగి అమ్ముకోవాలని కొన్నారు కాబట్టి మీ నాన్నగారు వినియోగదారుడే కారని. రెట్టింపు ధర సంగతిని ముందు పెట్టవద్దని చెప్పింది ఇందుకు కూడా. ఆయన సరదాకు నాణేలు సేకరించే విశ్రాంత ఉపాధ్యాయుడు, వ్యాపారి కాదు. రెండోది, మొదటి కొనుగోలు నుంచి లెక్కిస్తే రెండేళ్ల గడువు దాటిందని. మోసం బయటపడింది దసరాకు కాబట్టి గడువు అప్పటి నుంచే మొదలవుతుందని మనం వాదించాలి. ముందు జాగ్రత్తగా ఆలస్యాన్ని మన్నించమంటూ ఒక అర్జీ కూడా జతచేయండి. వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లమని ఎవరైనా అంటే వినకండి. అది పిల్లల నుంచి పోషణకు, వారికి రాసిచ్చిన ఆస్తికి సంబంధించినది. దుకాణదారుడి మీద పనికిరాదు.

ఆ ఫోన్ల సంగతి. రిజర్వు బ్యాంకు పాత నాణేల క్రయవిక్రయాల జోలికి పోదు, వాటి మీద ఎవరి దగ్గరా రుసుమూ కమీషనూ అడగదు. 2021 ఆగస్టులో ఈ విషయాన్నే ప్రకటించింది. ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఎఫ్ఐఆర్ నమోదైన మర్నాడే వ్యాపారి తరఫున పెద్దమనుషులు వస్తారు. సగం ఇస్తాం, కేసు వదిలేయండి అంటారు. ఈ నేరంలో రాజీ కోర్టు అనుమతితోనే కుదురుతుంది కాబట్టి ఇంటి వరండాలో ‘ఇక ఏ తగాదా లేదు’ అన్న కాగితం మీద సంతకం చేయకండి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాకే మాట్లాడండి. చెక్కు ఇచ్చి అది వాపసు వస్తే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. ఆ గడువు తప్పితే ఆ వాపసు మీద నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్కు బౌన్సు కేసు నిలవదు.