అడవికి వెళ్లినా పిట్ట కనపడలేదు

ప్రశ్న: డిసెంబరులో ఒక ఆదివారం పిల్లలను తీసుకుని పిట్టలను చూద్దామని కొండపల్లి అడవికి వెళ్లాము. పది గంటలకు చేరుకుని రెండింటి దాకా బాట వెంట తిరిగినా నాలుగు గోరువంకలు, ఒక జెముడుకాకి తప్ప ఏమీ కనపడలేదు. ఇంతకంటే మన మేడమీదే ఎక్కువ పిట్టలు వాలుతాయని పిల్లలు నవ్వారు. ఆ అడవిలో పక్షులు లేవా, లేక మేము వెళ్లిన తీరులోనే లోపమున్నదా? బైనాక్యులర్ కొంటే ఫలితముంటుందా?
— ఒక పాఠకురాలు, గుణదల, విజయవాడ

జవాబు: పక్షులున్నాయి. మీరు చేరే వేళకు అవి మేత ముగించుకుని నీడకు చేరాయి, అంతే. రాత్రంతా చలిలో ఏమీ తినకుండా గడిపిన చిన్న పిట్ట తెల్లవారగానే ఆకలి తీర్చుకోవడానికి బయటికి వస్తుంది. పొద్దెక్కి ఎండ ముదిరే కొద్దీ తిరగడమూ, కూయడమూ రెండూ తగ్గిస్తుంది. డిసెంబరులో మనకు ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. విజయవాడ నుంచి కొండపల్లి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది కనుక ఐదున్నరకే బయలుదేరినా తొలి వెలుగుకు అక్కడ ఉండవచ్చు. ఆ వేళకు కంసాలి పిట్టలు చెట్ల చిటారున ఎండు కొమ్మల మీద ఎండ కాచుకుంటూ కూర్చుంటాయి. తొమ్మిదిన్నర దాటితే అవి మనిషి కంటికి ఆనవు. నడి మధ్యాహ్నం కోట చూపించి, నాలుగు తరువాత మళ్లీ చెట్ల కిందికి వెళ్లండి.

రెండవ లోపం, మీరు నాలుగు గంటలు నడవడం. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు చూసి వచ్చినవారు సాధారణంగా ఇక్కడే పొరపడతారు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా గుంపులుగా గూళ్లు కట్టుకుని ఉంటాయి కనుక కళ్లు తెరిస్తే చాలు. కొండ అడవిలో ముందు చెవి, తరువాత కన్ను. పైగా చలికాలంలో ఇక్కడి చిన్న పిట్టలు చాలావరకు జాతి భేదం లేకుండా కలిసి, ఒక గుంపుగా మేతకు తిరుగుతాయి. వడ్రంగి పిట్ట బెరడు తొలుస్తుంటే, ఆకుల మధ్య మరొకటి పురుగులను ఏరుతుంటే, బెదిరి ఎగిరిన పురుగును పసులపోలిగాడు గాలిలోనే అందుకుంటుంది. డేగ వస్తే ఏదో ఒకటి ముందుగా చూసి అరుస్తుంది. అందువల్ల అరగంట సేపు అడవంతా నిశ్శబ్దంగా ఉండి, ఉన్నట్టుండి ఒకే చెట్టు మీద ఐదారు రకాలు కనపడటం మామూలే. నడిచేవారు ఆ గుంపును దాటిపోతారు, లేదా మాటలతో తరిమేస్తారు. నీటి మడుగో, కాయలున్న మర్రి చెట్టో, రావి చెట్టో చూసుకుని, దానికి కొంచెం దూరంలో గంటసేపు కూర్చోండి. పిల్లలను కూర్చోబెట్టడమే కష్టమనుకుంటే, వినపడిన కూతకల్లా ఒక గీత గీయమని కాగితం ఇవ్వండి. మా ఇంట్లో అది పనిచేసింది.

ఆ కూతలలో ఒకటి పొన్నంగి పిట్టదైతే మీ అదృష్టం. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లని పట్టీ, తోక కింద ఎరుపు, రెక్క మీద మెరిసే నీలం ఉన్న ఈ పొట్టి తోక పిట్ట వానాకాలంలో హిమాలయాల దిగువన, మధ్య భారతంలో పిల్లలను పెంచి, చలికాలానికి దక్షిణాదికి వస్తుంది. నేల మీద రాలిన ఆకులను తిరగేస్తూ పొదల చాటున బతుకుతుంది కనుక ఇన్ని రంగులున్నా కనపడదు. తెల్లవారుజామున, మునిమాపున రెండు స్వరాల ఈల మాత్రం వేస్తుంది. ప్రపంచమంతటి శాస్త్రజ్ఞులు ఈ పిట్టల ప్రజాతిని 'పిట్టా' అనే పిలుస్తారు, ఆ మాట 1816లో మన తెలుగు నుంచే వెళ్లింది. పిల్లలకు ఇది చెప్పి చూడండి, ఈసారి నవ్వరు.

బైనాక్యులర్ సంగతి: కొనేముందు ఎవరిదైనా అడిగి ఒక ఉదయం వాడి చూడండి. కొంటే 8×42 అని రాసి ఉన్నది (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) కొనండి. పదిరెట్లు పెద్దది చేసి చూపేది మేలనిపిస్తుంది గాని, చెయ్యి వణికితే దృశ్యమూ అంత వణుకుతుంది, చూపు మేర కూడా ఇరుకవుతుంది. కొమ్మల మధ్య కదిలే పిట్టను పట్టుకోవడానికి ఎనిమిదే నయం. కొండపల్లిది రిజర్వు అడవి కనుక, బాట వదిలి లోపలికి వెళ్లదలిస్తే అటవీశాఖ వారి అనుమతి ముందుగా తీసుకోండి. చెట్లు ఆకు రాల్చడం మొదలుపెట్టే ఫిబ్రవరిలో వెళితే కొమ్మలు బోసిపోయి చూపు సులువవుతుంది.

ప్రశ్న: ఫోనులో పక్షి కూత వినిపిస్తే పిట్ట దగ్గరికి వస్తుందంటారు. అలా చేయవచ్చా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వస్తుంది, కాని మీ మీద ఇష్టంతో కాదు. తన హద్దులోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని మేత మానుకుని, ఒక్కోసారి గూటిని కూడా వదిలి పోట్లాటకు వస్తుంది. వినపడిన కూతను ఫోనులో రికార్డు చేసుకుని, మెర్లిన్ వంటి యాప్‌తో పేరు తెలుసుకోవడంలో తప్పు లేదు. అయితే యాప్ చెప్పిన పేరును కంటితో చూశాకే పుస్తకంలో రాసుకోండి.