నాలా పైపు సైజు దగ్గర వాతావరణ శాఖ పని ఏమిటి?

రేపు వాన పడుతుందో లేదో చెప్పే వాతావరణ శాఖ, మారిపోతున్న వాతావరణానికి తగ్గట్టు ఊరిని సిద్ధం చేయడానికి ఎలా పనికొస్తుందని కొందరు అడిగారు. మా కాలనీలో జరిగింది చెబుతాను.

2020 అక్టోబర్ 13 రాత్రి మా సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. సంప్ మూత లేచిపోయింది, మోటార్ మునిగింది. తెల్లారేసరికి గోడ మీద నడుము ఎత్తున బురద గీత. ఆ 24 గంటల్లో హైదరాబాద్ బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. ఇంత వాన ఎవరనుకున్నారు అని అందరూ అన్నారు. కానీ 2000 ఆగస్టులో ఆ బేగంపేటలోనే ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. రికార్డులో ఉంది, ఎవరూ తీసి చూడలేదు.

తర్వాత మా వీధిలో వాననీరు పోయే కొత్త నాలా పైపులు దించుతుంటే, గంటకు ఎంత వాన లెక్కన ఈ సైజు పెట్టారని పని చూసే ఆయన్ని అడిగాను. 'పాతది ఎంతో ఇదీ అంతే సార్' అన్నాడు. నాకు నిజంగా భయమేసింది.

అప్పట్నుంచి డాబా మీద వానకొలత డబ్బా పెట్టి, వాతావరణ శాఖ లాగే రోజూ పొద్దున 8:30కి రాసుకుంటున్నాను. ఒక సంగతి త్వరగానే అర్థమైంది. నాలాకు కావాల్సింది రోజు లెక్క కాదు, గంట లెక్క. 6 సెంటీమీటర్లు రోజంతా పడితే పర్వాలేదు. అదే ఒక్క గంటలో పడితే 200 గజాల డాబా మీదే పదివేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్ల నీళ్లు. మా వీధిలో అలాంటి ఇళ్లు నలభై.

నా దృష్టిలో వాతావరణ శాఖ చేయగల అసలు మేలు ఇక్కడే ఉంది. ఈ ప్రాంతంలో ఐదేళ్లకోసారి, పాతికేళ్లకోసారి గంటలో ఎంత వాన రావచ్చో పాత రికార్డుల నుంచి లెక్కగట్టి, నాలా డిజైన్ చేసేవాళ్ల చేతికివ్వాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, కుండపోత వానలూ పెరగొచ్చు కాబట్టి ఆ లెక్క ఒకసారి ఇచ్చి వదిలేస్తే చాలదు, మారుస్తూ ఉండాలి. తెలంగాణలో ఇప్పుడు వాన, ఎండ వాటంతటవే కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి, డేటాకు కొదవ లేదు.

ఎండల విషయంలోనూ అంతే. మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి అంటారు. ఆ 'సాధారణం' ముప్పై ఏళ్ల సగటు. సగటే పెరిగితే తేడా తక్కువగా కనిపిస్తుంది, ఎండలో పనిచేసే కూలీ ఒంటికి తగిలే వేడి మాత్రం ఏమీ తగ్గదు. అందుకే రాత్రి వేడి, ఉక్కపోత కూడా లెక్కలోకి రావాలి. అహ్మదాబాద్ 2013లోనే ఎండల ప్రణాళిక పెట్టుకుని, ముందస్తు హెచ్చరికలను ఆసుపత్రులకు, మున్సిపల్ సిబ్బందికి ముడిపెట్టింది.

మేం చేసింది చిన్న పనే. దగ్గరి కేంద్రం గంటవారీ లెక్కలు ప్రింట్ తీసి, అర్జీకి జతచేసి ఇచ్చాం. రెండుసార్లు తిరిగాక కిందివీధిలో పెద్ద పైపు వేశారు. పైవీధిలో ఇంకా పాత సైజే. వానాకాలం లోపు దాని కోసం మళ్లీ వెళ్తున్నాం.